సినిమా ఫ్రేమ్ కింద మన వాట్సాప్ నంబరు: మీమ్ ఎప్పుడు ప్రకటన అవుతుంది?

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇంట్లో పెట్టిన పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతాం, అమెరికాకు కూడా పార్సిళ్లు పంపుతాం. మా తమ్ముడు ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసుకుంటాడు. ఓ హిట్ సినిమాలో పేరున్న హాస్యనటుడు ముఖం చిట్లించే ఫ్రేమూ, వెంటనే వెలిగిపోయే ఫ్రేమూ తీసుకుని ‘బయట కొన్న ఆవకాయ తిన్నప్పుడు’, ‘మా ఆవకాయ తిన్నప్పుడు’ అని రాసి, కింద మా వాట్సాప్ నంబరు వేశాడు. బాగా తిరిగింది. 4,000 రూపాయలతో బూస్ట్ చేశాం. ఓ మీమ్ పేజీకి 3,000 ఇచ్చి అక్కడా వేయించాం. ఇప్పుడు ఆ సినిమా హక్కులు తమవంటూ ఓ సంస్థ లాయర్ నోటీసు పంపింది. ఏడు రోజుల్లో తీసేసి 5 లక్షలు కట్టాలట, లేకపోతే క్రిమినల్ కేసు అంటున్నారు. అందరూ వాడే మీమే కదా! పైగా ‘కర్టెసీ’ అని సినిమా పేరు కూడా వేశాం. ఏం చేయాలి?

జవాబు: మీ మీమ్‌లో చిక్కంతా కింద వేసిన ఆ వాట్సాప్ నంబరుతోనే వచ్చింది. అదే బొమ్మను మీ తమ్ముడు స్నేహితుల గ్రూపులో పంపి ఉంటే నోటీసు దాకా వచ్చేది కాదు. నంబరు పడి, బూస్ట్‌కు డబ్బు కట్టాక అది ప్రకటన కిందే లెక్క.

కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 14 ప్రకారం సినిమాకు కాపీ తీయడమంటే రీలు మొత్తం ఎత్తేయడం ఒక్కటే కాదు. అందులో ఏ దృశ్యానికి ఫొటో తీసినా కాపీయే. ఆ హక్కు నిర్మాతది, లేదా నిర్మాత దగ్గర కొనుక్కున్నవారిది. సెక్షన్ 52లో కొన్ని మినహాయింపులున్నాయి. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన సంఘటనల వార్త, ఇలాంటివి. సరుకు అమ్ముకోవడం ఆ జాబితాలో లేదు. ‘పేరడీ’ అన్న మాట కూడా అక్కడ కనబడదు. 1996లో కేరళ హైకోర్టు ఓ నాటకానికి జవాబుగా రాసిన ప్రతినాటకాన్ని అనుమతించింది. కానీ అది అసలు నాటకాన్నే నిలదీసింది. మీ మీమ్ ఆ సినిమా గురించి మంచీ చెడూ ఏమీ అనడం లేదు. అందులోని ముఖాన్ని ఆవకాయ కోసం అరువు తెచ్చుకుంది.

‘కర్టెసీ’ మీకు సాయం చేయకపోగా ఎదురు తిరుగుతుంది. కాపీరైట్ ఉందని తెలియదనీ, తెలిసే అవకాశం లేదనీ నిరూపిస్తే నష్టపరిహారం తగ్గేందుకు సెక్షన్ 55లో ఓ చిన్న వెసులుబాటు ఉంది. మీరే సినిమా పేరు రాసి పెట్టారు కనుక ఆ దారి మూసుకుపోయింది. ‘నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్’ అని రాసే వాళ్లదీ ఇదే పరిస్థితి.

మీకు బొత్తిగా వాదన లేదని కాదు. 2012లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఓ వినియోగదారుల అవగాహన ప్రకటనలో సినిమా పాట పల్లవిలోని కొన్ని మాటలు వాడుకున్న కేసులో, వాడుక మరీ స్వల్పమైతే కోర్టు పట్టించుకోనక్కర్లేదన్న సూత్రాన్ని వర్తింపజేసింది. రెండున్నర గంటల సినిమాలో రెండు ఫ్రేములకు ఈ వాదన వినిపించవచ్చు. బేరమాడేటప్పుడు బాగా పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని రేపు ఇంకో మీమ్ మాత్రం వేయకండి.

నోటీసులో లేని మనిషి గురించి కూడా ఆలోచించాలి. ఆ ఫ్రేమ్‌లో ఉన్న నటుడు. ఫ్రేమ్ నిర్మాతదైనా ముఖం ఆయనది. రేపు నిర్మాతతో రాజీ కుదిరినా, నటుడు విడిగా రావచ్చు. 2012లోనే ఢిల్లీ హైకోర్టు అమితాబ్, జయా బచ్చన్ల ఫొటోలను అనుమతి లేకుండా హోర్డింగ్‌పై వేసిన నగల వ్యాపారి విషయంలో, తన పేరు, ముఖం వ్యాపారానికి ఎవరు వాడుకోవాలో తానే నిర్ణయించుకునే ఈ ‘వ్యక్తిత్వ హక్కు’ను గుర్తించింది. 2023లో అనిల్ కపూర్ కేసులో ఆయన ఊతపదం దాకా వెళ్లింది. మన దగ్గర 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు చిరంజీవి విషయంలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు పేరు, ఫొటో, గొంతుతోపాటు ‘మెగాస్టార్’, ‘చిరు’, ‘అన్నయ్య’ అనే పిలుపులను కూడా అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దంది. పొగిడినా ఇదే వరస. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు కాంస్యం గెలిచినప్పుడు, ఆమె ఫొటో పక్కన తమ లోగో పెట్టి అభినందనలు చెప్పిన పలు బ్రాండ్లకు ఆమె వ్యవహారాలు చూసే సంస్థ నోటీసులు పంపింది.

దీనికి రెండో వైపు ఉంది. 2024లో జాకీ ష్రాఫ్ కేసులో ఆయన ఇంటర్వ్యూను ‘థగ్ లైఫ్’ అనే సరదా వీడియోగా మార్చిన యూట్యూబర్‌ను ఆపేందుకు ఢిల్లీ హైకోర్టు ఆ దశలో ఒప్పుకోలేదు. అదే ఉత్తర్వులో ఆయన పేరు, బొమ్మలతో సరుకులు అమ్ముకునే వారిని ఆపింది. హాస్యానికి ఉన్న చోటు వ్యాపారానికి లేదన్నమాట.

ఇక నోటీసు సంగతి. ఏడు రోజులన్నది చట్టం పెట్టిన గడువేమీ కాదు, వాళ్లు వేసుకున్న లెక్క. అలాగని ఊరుకుంటే మీ మాట వినకుండానే ఇంజంక్షన్, అంటే ఆపమనే కోర్టు ఉత్తర్వు, తెచ్చుకోవచ్చు. ముందు పోస్టు లింకు, పెట్టిన తేదీ, రీచ్, బూస్ట్ బిల్లు, ఆ రోజుల్లో వచ్చిన ఆర్డర్లు, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. తీసేశాక ఇన్‌సైట్స్, అంటే పోస్టును ఎంతమంది చూశారో చెప్పే లెక్కలు, మళ్లీ దొరక్కపోవచ్చు. లెక్కలు లేకపోతే ‘లక్షల్లో లాభం వచ్చింది’ అని వాళ్లంటే కాదనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. దాచుకున్నాక, ఆ రోజే మీ పేజీలో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో, డబ్బిచ్చిన మీమ్ పేజీలో తీసేయించండి. స్టోరీ హైలైట్స్ చాలామంది మర్చిపోతారు. అక్కడ మిగిలిన ఒక్క పోస్టే తర్వాత ‘నోటీసు తర్వాత కూడా కొనసాగించారు’ అనడానికి సాక్ష్యమవుతుంది.

తొందరగా తీసేస్తే ఇంకో లాభముంది. వాణిజ్య కోర్టుల చట్టంలోని సెక్షన్ 12ఎ ప్రకారం, అత్యవసర ఉత్తర్వు కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. 3 లక్షలు దాటిన ఇలాంటి వివాదం ఆ చట్టం కిందికే వస్తుంది. పోస్టే లేనప్పుడు అత్యవసరం అనడం వాళ్లకు కష్టం. కోర్టు మెట్లెక్కకుండా బల్ల దగ్గర కూర్చునే అవకాశం మీకు పెరుగుతుంది. అయినా జాగ్రత్త కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేయించండి, అంటే మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టును ముందే కోరే అర్జీ. 90 రోజులు పనిచేస్తుంది. రాజమండ్రిలో కాదు, వాళ్లు దావా వేసే చోట వేయాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 వాళ్లు వ్యాపారం చేసే ఊళ్లో దావా వేసుకునే వీలిస్తుంది. సినిమా సంస్థ హైదరాబాద్‌ది అయితే కేవియట్ అక్కడే.

జవాబు మీ లాయర్ ద్వారా ‘వితౌట్ ప్రెజుడిస్’ (మా హక్కులు వదులుకోకుండా) అని రాసి పంపించండి. పోస్టు తీసేశామని ఒక వాక్యం. తర్వాత అడగాల్సినవి అడగండి: ఏ సినిమా, ఏ ఫ్రేమ్, ఏ పోస్టు, హక్కులు ఏ ఒప్పందం ద్వారా వచ్చాయి, దాని కాపీ. ఇది మొండితనం కాదు. తెలుగు సినిమా హక్కులు ముక్కలు ముక్కలుగా అమ్ముడవుతాయి. శాటిలైట్ ఒకరికి, డిజిటల్ ఒకరికి, ఆడియో ఇంకొకరికి. ఆడియో హక్కులున్న కంపెనీ ఫ్రేమ్ గురించి నోటీసిస్తే అది వాళ్ల సొత్తేనా అన్నది అడగాల్సిన ప్రశ్నే. ఈలోగా మీ తమ్ముడు ఫోన్ చేసి ‘సారీ సార్, తెలియక చేశాం’ అని వాట్సాప్‌లో రాయకుండా చూసుకోండి. ఆ మెసేజే రేపు దావాకు జతపరిచే పత్రమవుతుంది.

5 లక్షలన్నది వాళ్లడిగిన అంకె, అంతే. మీరు బేరం మొదలుపెట్టాల్సింది మీ దాచిన లెక్కల నుంచి: ఎన్ని రోజులుంది, బూస్ట్ ఎంత, ఆర్డర్లు ఎన్ని పెరిగాయి, అడిగి తీసుకుని ఉంటే ఫీజు ఎంతయ్యేది. రాజీ కుదిరితే కాగితంలో మూడు విషయాలు తప్పక ఉండాలి. ఇది పూర్తి, తుది పరిష్కారమని, అన్ని వేదికల్లో పాత వాడకానికంతటికీ వర్తిస్తుందని, తప్పు ఒప్పుకున్నట్టు కాదని. అవి లేకుండా డబ్బు కడితే ఇంకో ఫ్రేమ్ పట్టుకుని మళ్లీ వస్తారు.

క్రిమినల్ కేసు బెదిరింపును కొట్టిపారేయొద్దు. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా ఉంది. ఇది నాన్‌బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. లాభం కోసం చేయనివారికి శిక్ష తగ్గించే వీలుంది కానీ మీరు ఆవకాయ అమ్మారు. నా అంచనాలో ఇలాంటి నోటీసుల్లో ఈ సెక్షన్ ఎక్కువగా బేరంలో బరువు కోసం పెడతారు. వెంటనే తీసేసి జవాబిచ్చినవారి మీద ఆ బరువు తగ్గుతుంది.

మీమ్ పేజీకిచ్చిన 3,000తో ఇంకో తలనొప్పి ఉంది. డబ్బిచ్చి వేయించిన పోస్టు మీద అది ప్రకటన అని కనిపించేలా రాయాలి. హ్యాష్‌ట్యాగుల గుట్టలో దాచకూడదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ‘పోస్టు చేసింది వాళ్లు’ అంటే చెల్లదు, డబ్బిచ్చింది మీరు.

ఇకపై మీమ్స్ మానేయాలా? అక్కర్లేదు. ఫ్రేమ్ కావాలనుకుంటే హక్కుదారు దగ్గర రాతపూర్వక లైసెన్స్ తీసుకోండి. సెన్సార్ సర్టిఫికెట్‌లో నిర్మాణ సంస్థ పేరుంటుంది. అక్కడ మొదలుపెట్టి, ఎవరికి అమ్మారో ఒప్పందం కాపీతో సహా అడగండి. యూట్యూబ్‌లో సినిమా పెట్టిన ఛానెలే యజమాని అనుకోకండి. లైసెన్సులో ఫ్రేమ్ ఏ నిమిషం ఏ సెకనుదో, మీ రాత చేర్చుకోవచ్చో, బూస్ట్ చేయవచ్చో, ఏయే వేదికల్లో వాడవచ్చో రాయించండి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ అనుకుంటుంది. మీ పార్సిళ్లు డల్లాస్‌కు వెళ్తాయి కనుక ‘ప్రపంచమంతా’ అన్న మాట మీకు అవసరం. ఏ సరుకుకో కూడా స్పష్టంగా ఉండాలి. అమెరికాలో గ్రంపీ క్యాట్ అనే పిల్లి బొమ్మను ఐస్డ్ కాఫీకి లైసెన్స్ తీసుకున్న కంపెనీ, అదే బొమ్మను కాఫీ పొడి మీద కూడా వేసింది. 2018లో జ్యూరీ 7 లక్షల డాలర్లకు పైగా కట్టమంది. ఆవకాయకు తీసుకున్న అనుమతితో గోంగూర అమ్మకండి. నటుడి అనుమతి వేరే కాగితం. బొమ్మ గీయించినా, ఏఐతో గొంతు చేయించినా, చూసినవారు ఆయన్ని గుర్తుపడితే అదే సమస్య.

విదేశీ మీమ్స్‌లో కొన్ని మామూలు స్టాక్ ఫొటోలే. వెనక్కి తిరిగి వేరే అమ్మాయిని చూసే కుర్రాడి ఫొటో అలాంటిదే, స్టాక్ సైట్లలో అమ్మకానికి పెట్టిందే. ఇలాంటివి లైసెన్స్ కొనుక్కుని వాడొచ్చు. ‘ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ’ (వార్తలు, వ్యాసాలకు మాత్రమే) అని ఉంటే మాత్రం ప్రకటనకు పనికిరాదు.

పాత సినిమాల్లో ఓ దారి ఉంది. సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1964లో వచ్చిన సినిమాకు 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఆ నలుపు తెలుపు ఫ్రేములు చట్టప్రకారం వాడుకోవచ్చు. రంగులద్దిన కొత్త ప్రింటు నుంచి తీయకండి, పాట జోలికి వెళ్లకండి, పాటకు లెక్క వేరు. వ్యక్తిత్వ హక్కు మనిషితోనే పోతుందని 2023లో ఢిల్లీ హైకోర్టు ఓ కేసులో అంది కానీ, కృష్ణుడి వేషంలో ఉన్న మహానటుడి చేతిలో మీ సీసా పెడితే చట్టం కన్నా ముందు అభిమానులు వస్తారు.

రీల్స్ వేసేటప్పుడు బిజినెస్ అకౌంటుకు ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే సంగీతమే వాడండి. మీ తమ్ముడి పర్సనల్ అకౌంట్‌లో కనిపించే సినిమా పాట సొంత రీల్స్ కోసం, పచ్చళ్ల కోసం కాదు. ‘బయట కొన్న ఆవకాయ’ అన్న ఫ్రేమ్‌లో ఎవరి సీసా లేబులూ కనబడకుండా చూసుకోండి. కనబడితే ట్రేడ్‌మార్క్, పరువు నష్టం రెండూ నెత్తికెక్కుతాయి.

అన్నిటికన్నా చవకైనది మీ ఇంట్లోనే ఉంది. ఆవకాయ కలిపే మీ అమ్మగారో, నాయనమ్మగారో నిజంగా ముఖం చిట్లించిన ఫొటో రెండు తీసి, గోదావరి యాసలో మీ మాట మీరే రాసుకోండి. వంటింట్లో సాయం చేసే పనివారి ఫొటో అయితే మాత్రం ‘ప్రకటనలకు వాడుకోవడానికి సమ్మతి’ అని తేదీతో సంతకం తీసుకోండి. పిల్లలైతే అమ్మానాన్నల సంతకం కావాలి. ఉద్యోగం మానేశాక ఫొటో తీసేయాలా వద్దా అన్నది కూడా అందులోనే రాయించండి, తర్వాత ఎక్కువగా గొడవలొచ్చేది అక్కడే.