కందిపప్పు గురించి చెప్పిన నాలుగు నిమిషాలు

సమస్య: నా వయసు 39. విజయవాడలో ఒక కిరాణా సూపర్‌మార్కెట్ల సంస్థలో 2014 నుంచి పనిచేస్తున్నాను. నేను చేరినప్పుడు మూడే దుకాణాలు ఉండేవి. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన పొద్దున్నే వచ్చి, బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి చూసి, మా పిల్లల చదువుల గురించి అడిగి వెళ్ళేవారు. మూడేళ్ల క్రితం ఆయన కొడుకులు వ్యాపారాన్ని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. నా జీతం రెండు వేలు పెరిగింది గానీ, మిగతాదంతా మారిపోయింది. బిల్లింగ్ కౌంటర్ దగ్గర కుర్చీలు తీసేశారు. ఆన్‌లైన్ ఆర్డర్లకు సరుకు ఏరడానికి చేతికి ఒక మెషీన్ ఇచ్చి, ఒక్కో ఆర్డరుకు ఇన్ని నిమిషాలని పెట్టారు. స్టాకులో షార్టేజ్ వస్తే అందరి జీతాల్లోనూ సమానంగా కోస్తున్నారు. కిందటి నెల, ఎప్పటినుంచో మా దుకాణానికి వచ్చే ఒక పెద్దావిడ ఏ కందిపప్పు మెత్తగా ఉడుకుతుందని అడిగితే నిలబడి చెప్పాను. ఆర్డరు నాలుగు నిమిషాలు ఆలస్యమైందని స్టోర్ మేనేజర్ సీసీ కెమెరాలోంచి నా ఫోటో తీసి, ‘పని వేళలో కబుర్లు’ అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అతనికి 26 ఏళ్లు. ఇంట్లో చెబితే మా ఆయన ‘జీతం పెరిగిందిగా, ఇంకేం కావాలి’ అంటారు. మొన్న మా అమ్మాయి బట్టలు మడతపెట్టడం ఆలస్యం చేసిందని అరిచాను. ‘నాతో కూడా మీ మేనేజర్‌లాగే మాట్లాడుతున్నావమ్మా’ అంది. తప్పు నాలోనే ఉందా? మానేయమంటారా?

సలహా: అమ్మా, మీ అమ్మాయి అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట మీకు ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించగలను. కానీ ఆ పిల్ల మిమ్మల్ని తప్పుపట్టడానికి అలా అనలేదని, దుకాణంలో మీకు జరుగుతున్నది ఇంటి దాకా వచ్చిందని మీకంటే ముందే గమనించి చెప్పిందని నాకు అనిపిస్తోంది. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: తప్పు మీలో లేదు. రెండో ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పడం నాకు సాధ్యం కాదు, ఎందుకంటే మీ ఉత్తరంలో మూడు వేరువేరు బాధలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఒకటి పోయినదాని గురించి దుఃఖం, ఒకటి మీకు జరుగుతున్న అన్యాయం, ఇంకొకటి కేవలం కొత్తదనం వల్ల కలిగే అలసట. మూడింటికీ కలిపి ‘మానేయడం’ అనే ఒకే మందు వేస్తే, తర్వాత పశ్చాత్తాపపడే అవకాశం ఉంది.

ముందు దుఃఖం సంగతి. ఇంట్లో ఎవరైనా పోతే నలుగురూ పరామర్శకు వస్తారు. దుకాణం చేతులు మారితే బయట బోర్డు మాత్రమే మారుతుంది. మీరు రోజూ అదే గుమ్మంలోంచి లోపలికి వెళ్తూ ఉంటారు కాబట్టి మీరు ఏదైనా పోగొట్టుకున్నారని ఎవరికీ తోచదు, మీ భర్తకు కూడా. మీరు అక్కడ పదకొండేళ్లకు పైగా గడిపారు. మీ అమ్మాయి పేరు తెలిసిన యజమాని, మీ మాట మీద నమ్మకంతో సరుకు కొనే ఇళ్లు, ఎవరికి కాలు నొప్పిగా ఉంటే వాళ్లని కూర్చోబెట్టి మరొకరు నిలబడే తోటివాళ్లు, ఇవన్నీ జీతం చీటీలో కనిపించని సంపాదన. అది పోయినందుకు బాధపడటం సహజమే. దాన్ని చేతకానితనంగా భావించి మిమ్మల్ని మీరే నిందించుకోకండి.

అయితే పెద్దాయన గురించి మీరు ఉత్తరం చివర, ఇక్కడ ప్రచురించని భాగంలో, రాసిన ఒక వాక్యాన్ని మళ్ళీ చదవమని కోరుతున్నాను. సంక్రాంతి ముందు వారమంతా రాత్రి పదకొండు దాకా ఉండేవాళ్ళమని, ఆయన తన కారులో అందరినీ ఇళ్ళ దగ్గర దింపించేవారని, పండక్కి చీర పెట్టేవారని ఎంతో ఆప్యాయంగా రాశారు. ఆ అదనపు గంటలకు జీతం లెక్కకట్టి ఇచ్చారా లేదా అన్నది మాత్రం రాయలేదు. బహుశా మీకు అడగాలని కూడా అనిపించి ఉండదు. ఆయన మంచితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అదంతా ఆయన మనసు మీద ఆధారపడి ఉండేది, కాబట్టి ఆయన వెళ్ళినప్పుడు ఆయనతోపాటే వెళ్ళిపోయింది. కొత్త కంపెనీ నుంచి ఆ ఆప్యాయతను ఆశిస్తే రోజూ నిరాశే ఎదురవుతుంది. కంపెనీ కాగితాల మీద నడుస్తుంది కాబట్టి, కాగితం మీద మీకు రావలసినది మాత్రం దాన్ని నిక్కచ్చిగా అడగవచ్చు. పెద్దాయన దగ్గర మొహమాటపడి అడగలేనివి ఇక్కడ అడగడానికి మీకు ఏ మొహమాటమూ అక్కర్లేదు.

అందులో మొదటిది షార్టేజ్ పేరుతో జీతం కోయడం. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ నియమం ఒకటే. ఒక ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు గానీ, లెక్క చెప్పవలసిన డబ్బు గానీ, ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే పోయినప్పుడు, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చిన తర్వాత మాత్రమే ఆ మొత్తాన్ని కోయవచ్చు. అరలోంచి ఎవరో షాంపూ సీసా జేబులో వేసుకుపోతే దాని ధరను పదిహేను మంది జీతాల్లో పంచడానికి ఈ నియమం ఒప్పుకోదు. రెండోది పనిగంటలు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. మీరు ఏ రోజు ఎన్నింటికి వెళ్ళారో, ఎన్నింటికి బయటికి వచ్చారో ఒక చిన్న పుస్తకంలో ఈ రోజు నుంచే రాసుకోండి, జీతం చీటీలు, కోతల వివరాలు భద్రపరచుకోండి. మేనేజర్‌తోనూ, హెచ్.ఆర్. విభాగంతోనూ పని జరగకపోతే మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారిని కలవవచ్చు. ఆయన ముందు మాటకంటే ఆ పుస్తకానికే విలువ ఎక్కువ.

కుర్చీల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ మడమ నొప్పితో రోజంతా నిలబడేవారికి అది చిన్నది కాదు. కోజికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. కేరళ ప్రభుత్వం 2018లో చట్టాన్ని సవరించి దుకాణాల్లో ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది, 2021లో తమిళనాడు కూడా అదే దారిలో నడిచింది. ఆ మహిళలు ఒంటరిగా కాదు, కలిసికట్టుగా అడిగారు. మీ కౌంటర్లలో పనిచేసే అందరూ కలిసి సంతకాలు చేసి, కొనేవాళ్లు లేని వేళల్లో కూర్చోవడానికి అనుమతి కావాలని మర్యాదగా ఒక కాగితం ఇవ్వండి.

ఇక ఆ నాలుగు నిమిషాలు. కొత్త పప్పు త్వరగా ఉడుకుతుందని, ఏడాది దాటి నిల్వ ఉన్నది ఉడకడానికి ఎక్కువసేపు పడుతుందని, ఉప్పునీళ్లు వచ్చే ఇంట్లో ఏ పప్పైనా మొండికేస్తుందని మీరు ఆ పెద్దావిడకు చెప్పి ఉంటారు. పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చిచ్చే యాప్‌ల కాలంలో, మనిషి కాలు కదిపి దుకాణానికి రావడానికి మిగిలిన కారణాల్లో అలాంటి జవాబు ఒకటి. మీరు చేసింది పనే. మెషీన్‌కు దాన్ని లెక్కపెట్టడం తెలియదు, అంతే. ఆలస్యమైన ఆర్డరు గురించి అడిగే హక్కు మేనేజర్‌కు ఉంది. ఫోటో తీసి పదిహేను మంది ముందు పెట్టే హక్కు మాత్రం లేదు.

ఆ అబ్బాయి మీద మీకున్న కోపం న్యాయమైనదే. అయినా, అతని ఫోన్‌కు రాత్రి తొమ్మిదింటికి ఏరియా మేనేజర్ నుంచి ఎలాంటి సందేశాలు వస్తుంటాయో ఒక్కసారి ఆలోచించండి. అతను పైనుంచి తన మీద పడినదాన్ని కిందికి తోస్తున్నాడు. మీరు ఇంటికి తెచ్చి మీ అమ్మాయి మీద పెట్టినట్టే. అతన్ని దుకాణం తెరవకముందు, ఎవరూ లేనప్పుడు కలవండి. నీ వయసెంత, నా అనుభవమెంత అన్న మాట ఎత్తవద్దు. ఆ మాటతో సంభాషణ అక్కడే ముగుస్తుంది. “సార్, ఆ రోజు ఆర్డరు ఆలస్యమైన మాట నిజమే. ఇకముందు నా పనిలో తప్పుంటే నన్ను పిలిచి చెప్పండి, దిద్దుకుంటాను. గ్రూపులో ఫోటో మాత్రం పెట్టకండి” అని నెమ్మదిగా చెప్పి, ఆగండి. మౌనంగా ఉన్న ఆ కాసేపు కష్టంగానే ఉంటుంది, అయినా అతను జవాబు చెప్పేదాకా మీరే దాన్ని నింపకండి. తర్వాత కూడా అదే జరిగితే హెచ్.ఆర్.కు రాతపూర్వకంగా పంపండి. మెషీన్ వాడకం, కొత్త బిల్లింగ్ పద్ధతి మటుకు నేర్చుకునేవే. వాటి విషయంలో మీకంటే చిన్నవాళ్లైన తోటి ఉద్యోగుల సాయం తీసుకోవడానికి వెనకాడకండి.

మీ భర్త అన్న మాటను కఠినంగా తీసుకోకండి. ఆయనకు మీ ఉద్యోగం నుంచి కనిపించేది నెలాఖరున వచ్చే డబ్బు ఒక్కటే, ఎందుకంటే మిగతాది మీరు ‘అక్కడ ఏమీ బాగాలేదు’ అనే ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటున్నారు. ఒక ఆదివారం ఆ ఫోటోను ఆయనకు చూపించండి. పెద్దావిడ ఏమడిగింది, మీరేం చెప్పారు, గ్రూపులో ఎవరు ఏం రాశారు, అప్పుడు మీకేమనిపించింది అన్నది వరసగా చెప్పండి. ‘నాకు సలహా వద్దు, వినండి చాలు’ అని ముందే అడగండి. అమ్మాయి దగ్గర మాత్రం ఆలస్యం చేయవద్దు. ‘నువ్వన్నది నిజమే, ఆ రోజు నా కోపం నీ మీద కాదు’ అని ఈ రాత్రే చెప్పండి. ఇంటికి రాగానే పదిహేను నిమిషాలు ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగకుండా, మీరు కాళ్లు కడుక్కుని కూర్చునేలా ముగ్గురూ కలిసి ఒక ఒప్పందం చేసుకోండి. నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, అన్నం సహించకపోవడం రెండు వారాలు దాటి ఉంటే మాత్రం డాక్టరును కలవండి, లేదా 14416కి ఫోన్ చేయండి; అది మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మానేయడం గురించి నా అభిప్రాయం ఇది. మూడు నెలలు గడువు పెట్టుకోండి. ఈలోగా పైన చెప్పిన పనులు చేసి చూడండి, అదే సమయంలో వేరే ఉద్యోగం కోసం బయట వాకబు చేయడమూ మొదలుపెట్టండి. రెండూ కలిపి చేయడంలో ద్రోహమేమీ లేదు. కోతలు ఆగకపోయినా, అవమానం ఆగకపోయినా, గడువు తర్వాత అక్కడ ఉండవద్దనే చెబుతాను. కోపంలో ఒక సాయంత్రం ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసి రావడం మాత్రం వద్దు. ఐదేళ్లు దాటిన సర్వీసుకు మీకు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఒకేసారి ఇచ్చే మొత్తం, పొందే హక్కు ఉంది. మూలవేతనం పన్నెండు వేలు అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో గుణించి, పదకొండేళ్లకు లెక్కకడితే సుమారు 76 వేల రూపాయలు వస్తుంది. మీ అమ్మాయి ఇంటర్ ఫీజుకు అది తక్కువ మొత్తమేమీ కాదు.

కానీ ఆ లెక్క ఒక తేదీ మీద ఆధారపడి ఉంది. దుకాణం చేతులు మారినప్పుడు మీ చేత కొత్త నియామక పత్రం మీద సంతకం చేయించి ఉంటే, అందులో మీరు చేరిన తేదీగా 2014 బదులు మూడేళ్ల కిందటి తేదీ పడి ఉండవచ్చు. ఈ వారంలోనే జీతం చీటీ తీసి ‘చేరిన తేదీ’ ఏముందో చూడండి, ప్రభుత్వపు ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి పాత సంస్థ పేరుతో ఉన్న జమలు కూడా సరిచూసుకోండి. రెండూ కలవకపోతే రాజీనామా మాట ఎత్తకముందే నాకు మళ్ళీ రాయండి.