ముత్తాత వృత్తి 'కృషి': తప్పా, ఒప్పా?

సందేహం: మా అబ్బాయిని వంశవృక్షం గీసి, ఒక్కొక్కరి పేరు పక్కన వాళ్ల వృత్తి రాసుకురమ్మన్నారు బళ్లో. వాడి ముత్తాత సొంత పొలం దున్నుకుని బతికారు. తాత, అంటే మా మామగారు, గుమాస్తాగా చేశారు. మావారిది వ్యాపారం, నాది జాబ్. హిందీ పాఠంలో ఎక్కడో చూశాడేమో, మావాడు ముత్తాత పేరు పక్కన 'కృషి' అని రాశాడు. టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టి, 'కృషి వృత్తి కాదు, వ్యవసాయం అని రాయాలి' అన్నారట. ఎవరిది ఒప్పు? మావారి నాన్నమ్మ పేరు దగ్గర 'గృహిణి' అని రాయించారు. ఆవిడ జీవితమంతా ఆయనతో సమానంగా పొలంలో దిగిన మనిషి. ఇంకొకటి: 'ఉద్యోగం పురుషలక్షణం' అంటారు కదా, మరి నేను చేసేది ఏమిటి?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, టీచరుగారు దిద్దింది తెలుగు ప్రకారం సబబే. కానీ ఎర్రసున్నా పడ్డ ఆ మాట ఉందే, దాని మీద నాకు ఎప్పటినుంచో మోజు. అందుకని మిగతా ప్రశ్నలను కాసేపు గుమ్మంలో కూర్చోబెడతాను, ఏమీ అనుకోకండి.

సంస్కృతంలో కృషి అంటే దున్నడం. ధాతువుల (మాటల మూలాల) పట్టిక అయిన ధాతుపాఠం 'కృష విలేఖనే' అంది. విలేఖనమంటే గీరడం, గీత గీయడం. నాగలి నేల మీద చేసే పని అదే కదా. (విలేకరా, విలేఖరా అని ఉత్తరం రాయడానికి ఎవరో ఈపాటికే కలం తీసి ఉంటారు. ఆ తగవు ఇంకోసారి.) కర్షకుడు, కృషీవలుడు ఈ ధాతువు సంతానమే. పట్టి లాగడమనే అర్థంలో ఆకర్షణ కూడా దీని చుట్టమే. ఋగ్వేదం పదో మండలంలో జూదరి సూక్తం ఒకటుంది. పాచికల పిచ్చిలో ఇల్లూ ఆలూ పోగొట్టుకున్నవాడికి అక్కడ చెప్పిన బుద్ధి ఇది: 'అక్షైర్మా దీవ్యః కృషిమిత్ కృషస్వ'. పాచికలాడకు, పొలం దున్నుకో అని. 'బాగా ప్రయత్నించు' అని దానికి అర్థం చెబితే ఆ జూదరి ఇంకో పందెం కాసేవాడు!

ఇక వ్యవసాయం. 'వి', 'అవ' అనే రెండు ఉపసర్గలు ముందు చేరిన 'షో అంతకర్మణి' ధాతువు. అంతకర్మ అంటే ముగించడం, తేల్చడం. కాబట్టి వ్యవసాయమంటే నిశ్చయం, పట్టుదల, గట్టి ప్రయత్నం. అధ్యవసాయం దీని తోబుట్టువు. భగవద్గీత రెండో అధ్యాయంలో 'వ్యవసాయాత్మికా బుద్ధిః' అని కృష్ణుడు అన్నది దుక్కి దున్నే బుద్ధి గురించి కాదు, తడబాటు లేని నిశ్చయబుద్ధి గురించి. అదే గీత పద్దెనిమిదో అధ్యాయానికి రండి. 'కృషిగోరక్ష్యవాణిజ్యం' అని వైశ్యకర్మను చెప్పిన చోట సేద్యానికి వాడిన మాట కృషి. ఒకే గ్రంథంలో రెండు మాటలూ ఎవరి గదిలో వారు బుద్ధిగా కూర్చున్నారు.

మన తెలుగు ఏం చేసిందో ఇప్పుడు చూడండి. ఇద్దరినీ లేపి ఒకరి గదిలో ఒకరిని కూర్చోబెట్టింది! ప్రయత్నమనే మాటను పొలానికి పంపింది. పొలం మాటను ప్రయత్నానికి పిలిచింది. వ్యవసాయాన్ని పొలానికి పంపడంలో మనం ఒంటరివాళ్లం కాదు. కన్నడిగులు వ్యవసాయ అనీ తమిళులు వివసాయం అనీ సేద్యాన్నే అంటారు. మలయాళీలకు మాత్రం సేద్యం నేటికీ కృషే. హిందీవాళ్లకు కృషి అంటే సేద్యం, వ్యవసాయమంటే వ్యాపారం, వృత్తి. మీవాడు హిందీ ప్రకారం, సంస్కృతం ప్రకారం నూటికి నూరు పాళ్లు సరిగ్గా రాశాడు. తెలుగు ప్రకారం తప్పాడు. ఆ సున్నా పక్కన అరమార్కు వేసినా పోయేదేమీ లేదు.

ఈ తారుమారు ఎలా జరిగి ఉంటుంది? నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. నూటికి తొంభై మంది పొలం మీదే బతికిన కాలంలో 'ప్రయత్నం', 'పూనిక' అన్నా ఆ పనే మనసులో మెదిలేది. అలా పెద్ద మాట కుదించుకుపోయి పొలం గట్ల మధ్య నిలిచింది. కృషిది ఎదురుదారి. దుక్కి కన్నా కష్టమైన పని ఇంకేముంది? కష్టపడ్డవాడినల్లా 'కృషి చేశాడు' అనేశారు.

దీనికో తమాషా ఉపకథ ఉంది. 'కృషితో నాస్తి దుర్భిక్షం' అని గోడల మీద రాస్తారు, ఉపన్యాసాల్లో వల్లిస్తారు. 'కష్టపడితే కరువు ఉండదు' అని తాత్పర్యం చెబుతారు. శ్లోకంలో ఉన్నది 'కృషితః', అంటే సేద్యం వల్ల. నకారం ముందు విసర్గ సంధి జరిగి 'కృషితో' అయింది. మన చెవికి అది అచ్చతెలుగు తృతీయా విభక్తి 'తో' లాగా వినిపించింది! చేత్తో, కర్రతో, కృషితో. పక్కనే 'జపతో నాస్తి పాతకం' అని ఉండబట్టి గానీ, లేకపోతే ఆ 'తో' సంస్కృతానిదని ఎవరికీ గుర్తుకు రాదు. పొలం దున్నితే కరువుండదన్న సూటి మాట, తెలుగు గోడెక్కేసరికి నీతివాక్యమైంది.

అలాగని 'కృషి'ని పొలానికి తిప్పి పంపాలని నేను అనడం లేదు. ఇన్నాళ్లు వాడిన మాటను వాడుకే కాపాడుతుంది. నా చిరాకంతా దాన్ని వాడే తీరు మీద. 'విశేష కృషి సల్పారు', 'అవిరళ కృషి చేస్తున్నారు', 'కృషి చేయాలని పిలుపునిచ్చారు'. చెమట చుక్క రాలనివాళ్లందరూ ఈ మాటను మెళ్లో వేసుకుంటున్నారు. ప్రయత్నించారు, పాటుపడ్డారు అంటే ఏం తక్కువ?

దున్నడం గురించి మాట్లాడుతూ పోతనగారిని తలవకుండా నేను ముందుకు వెళ్లలేను. ఆయనదని తరతరాలుగా చెప్పుకునే చాటువులో, కావ్యకన్యకను కూళలకు, అంటే నీచులకు, ఇచ్చి ఆ కూడు తినడం కన్నా 'సత్కవుల్ హాలికులైన నేమి, గహనాంతరసీమలఁ గందమూల కౌద్దాలికులైన నేమి' అన్నాడు కవి. హలం పట్టినవాడు హాలికుడు. కుద్దాలంతో, అంటే గునపం లాంటి పనిముట్టుతో, తవ్వేవాడు కౌద్దాలికుడు. వ్యాకరణకర్త పాణిని ఇలాంటి పేర్లకు చెప్పిన 'తేన దీవ్యతి ఖనతి జయతి జితమ్' అనే సూత్రంలో జూదమాడేవాడినీ తవ్వేవాడినీ పక్కపక్కన నిలబెట్టాడు. ఋగ్వేదంలోని జూదరి ఇక్కడ మళ్లీ ఎదురుపడ్డట్టు అనిపిస్తుంది నాకు. ఆ చాటువులో వ్యవసాయమూ లేదు, కృషీ లేదు, 'వృత్తిరీత్యా' అసలే లేదు. మనిషి పేరు చెబితే చేతిలో పనిముట్టు కనబడుతుంది. ఇంత పొదుపుగా బతుకుతెరువును చెప్పిన పద్యపాదం నాకు ఇంకొకటి తట్టడం లేదు.

'వృత్తిరీత్యా' అన్నాను కనుక ఒక మాట. సభల్లో పరిచయం చేసేవాళ్లు 'వృత్తిరీత్యా వైద్యులు, ప్రవృత్తిరీత్యా కవి' అనకుండా మైకు వదలరు. ఆయన డాక్టరు, పద్యాలు రాస్తారు. అంతేగా! వృత్తి అంటే బతుకు సాగే తీరు, వర్తకం కూడా ఆ ధాతువుదే. వ్యాఖ్యానాన్నీ మనసు పోకడనూ కూడా వృత్తి అంటారు, ఆ గొడవ మీకు అక్కర్లేదు.

ఇక మీ మామగారి ఉద్యోగం. ఉద్యోగమంటే కూడా మొదట ప్రయత్నమే, పూనికే. భారతంలోని ఉద్యోగపర్వం యుద్ధసన్నాహం గురించి. పాండవులు నిజంగా ఉద్యోగాలు చేసింది దాని ముందున్న విరాటపర్వంలో. భీముడు వంటశాలలో, అర్జునుడు నాట్యశాలలో, నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు ఆవుల దగ్గర. ద్రౌపది సైరంధ్రిగా రాణి దగ్గర చేరింది. అది కొలువు. రాజును కొలిచేది కొలువు. పత్రికలవాళ్లు 'కొలువుల జాతర' అని ప్రాస కోసం వాడుతున్నారు గానీ, ఆ మాటలో చేతులు కట్టుకుని నిలబడడం ఉంది. గుమాస్తా పారశీకం నుంచి వచ్చింది, నియమించిన మనిషి అని అర్థం.

మీవారి వ్యాపారమూ ఇదే కుదురు. సంస్కృతంలో వ్యాపారమంటే ఏదో పనిలో ఉండడం. వైయాకరణులకు, అంటే వ్యాకరణ పండితులకు, అన్నం వండడం కూడా వ్యాపారమే. అంటే మీ వంశవృక్షంలో ముత్తాత వ్యవసాయం, తాత ఉద్యోగం, తండ్రి వ్యాపారం అని మూడు తరాలకు మూడు మాటలు రాశారు. సంస్కృతజ్ఞుడెవరైనా ఆ కాగితం చూస్తే, ముగ్గురూ ఏదో ప్రయత్నం చేస్తున్నారు గానీ ఏం చేస్తున్నారో రాయలేదేమిటి అంటాడు.

'ఉద్యోగం పురుషలక్షణం' అన్న మాటలో పురుషుడంటే మగవాడని పట్టుబట్టేవాళ్లున్నారు. పూనిక మనిషి లక్షణమని నేను చదువుకుంటాను. మీరు చేసేదీ ఉద్యోగమే. దాన్ని జాబ్ అని చిన్నబుచ్చకండి.

నాన్నమ్మగారి సంగతికి వస్తే, గృహిణి తప్పు కాదు, ఇల్లాలు ఇంకా బాగుంటుంది. కానీ అడిగింది వృత్తి. పొలంలో దిగినావిడకు 'రైతు' అని రాస్తే సరిపోతుంది. 'మహిళా రైతు' అనే పత్రికల తోక అనవసరం. రైతు అరబ్బీ 'రయ్యత్' నుంచి వచ్చిన మాట, ఏలికకు లోబడిన జనమని దాని అర్థం. అందులో ఆడా మగా తేడా లేదు. తెలుగులో మగవాడిని 'పనివాడు' అంటే నేర్పు కనబడుతుంది, ఆడమనిషిని 'పనికత్తె' అంటే చాకిరి కనబడుతుంది. అది మాటల తప్పు కాదు గానీ, మాటలు దాచనూ లేవు.

నా తీర్పంటారా? ముత్తాత దగ్గర 'వ్యవసాయం' అనే రాయించండి. 'సేద్యం' అన్నా నాకిష్టమే, టీచరుగారికి ఏమో తెలియదు. మీవాడి 'కృషి'ని మాత్రం కొట్టేయకుండా బ్రాకెట్లో ఉంచమనండి.