స్థితి నివేదిక రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి గుంటూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ తెలుగు అనువాదాల పని ఎక్కడిదాకా వచ్చిందో మూడు నెలలకోసారి రాసి అందరికీ పంపే బాధ్యత నీకు అప్పగించారని అక్కయ్య ఫోనులో చెప్పింది. సంతోషం. జీతం లేని పనికి గుమాస్తాగిరీ కూడా తోడైందని బావగారు గొణుగుతున్నారట, పట్టించుకోకు.

"ఎంతవరకు వచ్చింది?" అని వారంవారం అందరినీ అడగకు. వాళ్లు నీ కింద పనిచేసేవాళ్లు కారు. కాలేజీ, ఉద్యోగం, ఇల్లు చూసుకున్నాక మిగిలిన గంటను ఇస్తున్నవాళ్లు. రెండుసార్లు అడిగితే సంజాయిషీ చెబుతారు, మూడోసారి నీ సందేశం తెరవడమే మానేస్తారు. ఏ ఫైలును ఎవరు, ఎప్పుడు మార్చారో మార్పులన్నీ నమోదుచేసే గిట్‌లో ఉంటుంది, అది నువ్వే చూసుకో. గిట్ చెప్పలేనిదే మనుషులను అడుగు: పని ఎక్కడ ఆగింది, ఎవరి కోసం ఆగింది.

మొత్తం ఎంత శాతం పూర్తయిందన్న ఒక్క అంకె చూసి నిశ్చింతగా ఉండకు. విజయవాడలో ఉన్నదానివి, 2024 సెప్టెంబరు వరద గుర్తుండే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, మనలో చాలామందిమి ఆ లెక్కలే చూస్తూ కూర్చున్నాం. సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం ఎవరూ లెక్క చూడని బుడమేరు వాగు. మన పనిలో బుడమేరు ఫజ్జీ స్ట్రింగులే. స్ట్రింగు అంటే అనువదించాల్సిన ఒక్కో మాట లేదా వాక్యం. ఇంగ్లీషు మూలం మారినప్పుడు పాత అనువాదాన్నే అంచనాగా అక్కడ ఉంచి, ఫజ్జీ అన్న గుర్తు తగిలిస్తుంది సాఫ్ట్‌వేర్. ఎవరో ఒకరు సరిచూసి ఆ గుర్తు తీసేదాకా తెరమీద కనిపించేది ఇంగ్లీషే. ఫైలు తెరిచి చూస్తే నిండుగా తెలుగు, వాడేవాళ్లకు మాత్రం లేదు. అందుకని పూర్తయినవి, ఫజ్జీలు, ఎవరూ ముట్టనివి విడివిడిగా రాయి. రివ్యూ కోసం పడి ఉన్నవీ చెప్పు. లెక్క ఏ తేదీదో పక్కన వెయ్యి.

ఇదంతా తేలికే. కష్టమంతా మన మొహమాటంతో. ఒకసారి "నేను చేస్తాను" అన్నవాళ్లు "ఇక కుదరదు" అనలేరు. జాబితాలో పేరు అలాగే ఉంటుంది, పని కదలదు, ఆ పేరు చూసి ఇంకొకరు ముట్టుకోరు. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థను తయారుచేసేవాళ్లు దీనికి ఎప్పుడో దారి వేశారు. ఒక ప్యాకేజీని, అంటే అందులోని ఒక సాఫ్ట్‌వేర్‌ను, చూసుకునేవారు సాయం కావాలని అడగవచ్చు, దత్తత తీసుకునేవారి కోసం వెతకవచ్చు, లేదా అనాథగా ప్రకటించి తప్పుకోవచ్చు. మూడింటికీ వేర్వేరు గుర్తులున్నాయి, అందరికీ కనిపించే జాబితా ఉంది, తప్పుకున్నవారిని నిలదీసేవారు లేరు. అనాథ అనడానికి మనసొప్పకపోతే "ఖాళీగా ఉంది" అని రాయి. కారణం అడగకు, రాయకు. "ఈ ఫైలు నీ దగ్గరే ఉంచమంటావా, ఇంకెవరికైనా ఇమ్మంటావా?" అని గ్రూపులో కాకుండా విడిగా అడుగు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఖాళీ కింద రాస్తానని ఆ సందేశంలోనే చెప్పు, చెప్పినట్టే రాసెయ్యి. తిరిగి వస్తే తిరిగి ఇద్దువుగాని. వయసులో పెద్దవారైతే ఫోను చెయ్యి. ఇలాంటివి సందేశంలో అడిగితే కొందరు నొచ్చుకుంటారు.

నమూనా కావాలంటే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్లవి చదువు. 2001 నుంచి స్థితి నివేదికలు వెలువరిస్తున్నారు. ఒక్కో పనికి చిన్న భాగం, సంప్రదించాల్సినవారి పేరు, లింకులు, కొన్నిచోట్ల ఏ సాయం కావాలో కూడా ఉంటుంది. నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఆ సాయం మాట మీదే. "అందరూ సహకరించగలరు" అంటే ఎవరూ కదలరు. "క్యాలెండర్ ఫైలులో ముప్పై ఫజ్జీలున్నాయి, గంట పని, గిట్ రాకపోయినా ఫరవాలేదు" అని రాస్తే చదివినవాళ్లు తమకు వీలవుతుందో లేదో అప్పటికప్పుడు తేల్చుకుంటారు.

వాట్సాప్‌లో లింకు మాత్రమే వెయ్యి. నివేదికంతా అక్కడే పెడితే శుభోదయం పూలబొమ్మల కింద మర్నాటికి కనిపించదు.

గ్నోమ్ కొత్త వెర్షన్లు మార్చిలో, సెప్టెంబరులో వస్తాయి. కొన్ని వారాల ముందే ఫ్రీజ్ పెట్టి మూల వాక్యాలను మార్చనివ్వరు, మనకు స్థిమితంగా పని సాగేది అప్పుడే. మీ జట్టులో సగం మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కదా, మొదటి నివేదిక సెమిస్టర్ పరీక్షలు అయ్యాక, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లకముందే పంపు. పండుగ రోజుల్లో ఎవరినీ ఏమీ అడగకు. చిత్తుప్రతి నాకు ఒకసారి చూపించు, ఆదివారం కూర్చుని చదువుతాను.

ఇట్లు,
మామయ్య