ఆ తిమింగలాన్ని కిందికి దింపు

బాబూ,

నీ కవరు అందింది. పిల్లల కథా, బొమ్మలు వేసేవాళ్ల మీద రాసిన వ్యాసమూ, వెనకాల పిన్ను కొట్టి పంపిన కలర్ ప్రింటవుట్లూ అన్నీ చూశాను. ఉత్తరం చివర చాలా ప్రశ్నలు వేశావు. ఏ ట్యాబ్ కొనాలి, ఏ పబ్లిషర్‌కి పంపాలి, పోటీలకి పంపితే లాభమా, ఇంకా ఏవో. వాటి దాకా వస్తానో రానో చెప్పలేను. ముందు నాకు ఆ తిమింగలం సంగతి తేలాలి.

నీ కథ మూడో పేజీలో తిమింగలం ఆకాశంలో ఎగురుతుంది. దాని వీపు మీద ఒక పాప, పాప చేతిలో లాంతరు. కింద ఊరంతా నిద్రలో ఉంటుంది. ఆ తర్వాత పాప నెలవంక అంచున కూర్చుంటుంది. పక్కన ఎర్ర మఫ్లర్ చుట్టుకున్న నక్క. ఊరి పేరు నంద్యాల అని రాశావు, వేసవి సెలవులని కూడా రాశావు. నంద్యాలలో మే నెలలో నక్కకి మఫ్లర్ ఎందుకయ్యా? ఉడికిపోదూ?

ఇవన్నీ ఎక్కడివో కనిపెట్టడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. వ్యాసంలో నువ్వే చెప్పేశావు. రాత్రిళ్లు ఫోన్‌లో ఒక చిత్రకారుడి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పోతూ, నచ్చినవన్నీ సేవ్ చేసుకుంటున్నానన్నావు. చూడు, కాదనను. నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ఇలాంటి బొమ్మల కోసమే వెతికేదాన్ని. అట్ట ఊడిపోయిన విదేశీ పిల్లల పుస్తకం ఒక్కటి దొరికితే పండగ. "ఇందులో మాటలే లేవు కదమ్మా, ఇది కూడా కొంటారా?" అని అమ్మేవాడే జాలిపడేవాడు. కొన్న పుస్తకాన్ని నెలల తరబడి చూసేదాన్ని. వేరే గతి లేదు, ఇంకోటి దొరకదుగా.

నీకు వేళ్ల చివర వేల బొమ్మలున్నాయి. అందులో ఏ ఒక్కదాని మీద ఎంతసేపు ఆగావు? నీ వ్యాసం నిండా పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా 'మాయాలోకం', 'కలల రంగులు', 'అద్భుతం'. ఫలానా బొమ్మలో ఏముందో, ఎవరు ఎటు చూస్తున్నారో, ఏది పెద్దగా ఉందో, ఏది ఉండాల్సిన చోట లేదో ఒక్కచోటా చెప్పలేదు. చూసినవాడి రాత కాదది, లైక్ కొట్టినవాడి రాత.

భజ్జూ శ్యామ్ పేరు ఒక్క వాక్యంలో దాటేశావు, అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే గోండు పల్లె ఆయనది. భోపాల్‌లో నైట్ వాచ్‌మన్‌గా చేశాడు, కరెంటు పనీ చేశాడు. బాబాయి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దగ్గర బొమ్మ నేర్చుకున్నాడు. లండన్‌లో ఒక రెస్టారెంట్ గోడల మీద బొమ్మలు వెయ్యమని పిలిస్తే వెళ్లాడు. తిరిగొచ్చాక ఆ ప్రయాణమంతా 'ద లండన్ జంగిల్ బుక్' అని పుస్తకమైంది. 2004లో చెన్నైలోని తారా బుక్స్ వాళ్లు వేశారు.

అందులో విమానాన్ని ఎలా గీశాడో తెలుసా? రెక్కలున్న ఏనుగు. అంత బరువున్న వస్తువు గాల్లోకి లేవడమంటే ఆయనకి ఏనుగు ఎగిరినట్టే అనిపించింది, అందుకని. లండన్ భూగర్భ రైలు ఆయనకి వానపాము. గోండుల కథల్లో భూమి కింది లోకానికి రాజు వానపామే కదా. బిగ్ బెన్ గడియారాన్ని కోడిపుంజుతో కలిపేశాడు. ఆయన ఊళ్లో టైమ్ చెప్పేది కోడే. రోజూ ఎక్కించుకుని తీసుకెళ్లే 30వ నంబరు ఎర్ర బస్సు నమ్మకమైన కుక్క అయింది. పొద్దుగూకగానే పబ్బుల దగ్గర గుంపులు కట్టే ఇంగ్లీషువాళ్లు గబ్బిలాలయ్యారు.

ఆయన ఏనుగూ ఎగిరింది, నీ తిమింగలమూ ఎగిరింది. ఆయన ఏనుగు కింద నిజంగా ఒక విమానం ఉంది. ఆ విమానంలో మొదటిసారి ఎక్కిన ఒక మనిషి ఉన్నాడు, వాడి గుండెదడ ఉంది. నీ తిమింగలం కింద ఏముంది? ఇంతకుముందు వేరేవాళ్ల బొమ్మల్లో ఎగిరిన తిమింగలాలున్నాయి, అంతే. నువ్వు తిమింగలాన్ని చూశావా? నంద్యాలకి సముద్రం ఎంత దూరమో లెక్కేసుకున్నావా?

నా పట్టుదల ఇది. నలుగురిలో చాదస్తం అనిపించుకుంది, అయినా చెబుతాను. వింతగా రాయాలనుకునేవాడు అందరికంటే కచ్చితంగా చూసినవాడై ఉండాలి. బొమ్మకి ఒక్క అబద్ధం చాలు. మిగతాదంతా కొలిచి కట్టిన నిజం కావాలి.

షాన్ టాన్‌ని తీసుకో. ఆస్ట్రేలియా చిత్రకారుడు. తండ్రి మలేషియా నుంచి అక్కడికి వలస వచ్చినవాడు. 2006లో వచ్చిన 'ది అరైవల్' 128 పేజీల పుస్తకం, ఒక్క మాట లేదు. పెళ్లాం బిడ్డల్ని వదిలి కొత్త దేశం పోయిన ఒక మనిషి కథ. ఆ దేశంలో అక్షరాలు మనకీ చదవడానికి రావు, ఆయన కల్పించిన లిపి అది. జంతువులు ఎన్నడూ చూడనివి. వాడి గదిలో తోక ఉన్న తెల్లటి పిల్లజంతువొకటి తిరుగుతుంటుంది. ఇదంతా వింతే. మరి మొదటి పేజీలో ఏముంది? కాగితం మడిచి చేసిన పిట్ట, గడియారం, కొక్కేనికి టోపీ, బీట వచ్చిన టీ కెటిల్, సగం సర్దిన సూట్‌కేసు. ఏ ఇంట్లో అయినా ఉండేవే. న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో దిగిన వలసజనాల పాత ఫోటోలు ముందేసుకుని, నాలుగేళ్ల పాటు కూర్చుని గీశాడు. కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్లి బోర్డులు చదవలేక నిలబడ్డ మనిషికి ఈ పుస్తకం ఇవ్వు, నువ్వేం వివరించక్కర్లేదు. అంతకు కొన్నేళ్ల ముందు వేసిన 'ద లాస్ట్ థింగ్'లో బొమ్మల వెనక అతికించినవి వాళ్ల నాన్న పాత ఫిజిక్స్, లెక్కల పుస్తకాల కాగితాలు. మీ నాన్న అలమరలో ఏముందో ఎప్పుడైనా చూశావా?

సరే, ఒక మాట ఒప్పుకుంటాను. పదకొండో పేజీలో, బ్రాకెట్లో, నువ్వే లెక్కచెయ్యకుండా పడేసిన వాక్యం ఒకటుంది. మీ మేనత్త ఇంట్లో ఫ్రిజ్ మీద పూలగుడ్డ కప్పి ఉంటుందనీ, ఫ్రిజ్‌కి లోపల చలేస్తోందని అందుకే కప్పారనీ మీ చెల్లెలు అనుకునేదనీ రాశావు. అది చదివి కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ ఇల్లు కనిపించింది నాకు. ఫ్రిజ్ పైన ప్లాస్టిక్ పూలు, తలుపు హ్యాండిల్‌కి తొడిగిన ఊలు తొడుగు, కింద చెక్క స్టాండు. రాత్రి ఆ ఫ్రిజ్ గుర్రుమంటుంటే పిల్ల లేచి తన దుప్పటి తెచ్చి కప్పదూ? ఇంత కథ చేతిలో పెట్టుకుని నక్కకి మఫ్లర్ కడతావేమిటి?

మా రోజుల్లో ఇలాంటివి రాసినా నిలబడేవి కావులే. ఒక వారపత్రికకి తిరుపతిలో గుండు చేయించుకున్న పిల్ల మీద కథ పంపాను. బడికెళ్లడానికి సిగ్గుపడి, నెత్తి మీద గిన్నె బోర్లించుకుని తిరిగే పిల్ల. కథంతా ఆ గుండు చుట్టూనే. అచ్చయి వచ్చాక చూస్తే, బొమ్మలో పిల్లకి రెండు జడలు, జడలకి రిబ్బన్లు! వెళ్లి అడిగాను. ఆర్టిస్టుకి కథ పంపే టైమ్ లేక ఫోన్లో "చిన్నపిల్ల, గిన్నె" అని చెప్పారట. పైగా ఆ సంపాదకుడు, "గుండు బొమ్మ ఏం బాగుంటుందండీ, పాఠకులకి అందం కావాలి" అన్నాడు. ఇంకొకాయన నా కథ తిప్పి పంపుతూ "ఇందులో నీతి ఏదీ?" అని రాశాడు. మరో చోట కథ చివర్లో విప్పాల్సిన గుట్టు బొమ్మగా వేసి పేరు పక్కనే అచ్చేశారు. ఇప్పుడు అందమంటే లేత రంగులు, పుట్టగొడుగులు, లాంతర్లు. అప్పుడు రిబ్బన్లు. నాకేం తేడా కనిపించదు. రెండింట్లోనూ ఎదురుగా ఉన్న పిల్లని ఎవరూ చూడలేదు.

ఆ కాలంలోనూ చూసినవాళ్లు లేకపోలేదు. చందమామలో బేతాళ కథల పైన వచ్చే బొమ్మ గుర్తుందా? లేకపోతే మీ అమ్మనడుగు. విక్రమార్కుడు భుజాన శవాన్ని వేసుకుని, కత్తి దూసి నడుస్తుంటాడు. శంకర్ అని సంతకం చేసే కె.సి. శివశంకరన్ గీసింది. ఆయన 2020లో పోయాడు. శవం మాట్లాడటం అబద్ధం. ఆ భుజం మీద బరువు మాత్రం నిజం. నా చిన్నప్పుడు ఆ బొమ్మ చూసి నా భుజం తడుముకునేదాన్ని.

ఇక నీ రాత. బొమ్మలు చూసి రాయడం నేర్చుకోవాలంటే బొమ్మ చెప్పేది చెప్పకుండా ఉండటం ముందు నేర్చుకోవాలి. కెనడాలో పుట్టిన జాన్ క్లాసెన్ పేరు నీ జాబితాలో ఉంది కానీ పుస్తకం చదివినట్టు లేదు. 'దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్' 2012లో వచ్చింది. పిల్లల పుస్తకాల్లో బొమ్మలకిచ్చే మెడల్స్, అమెరికాలో కాల్డెకాట్, బ్రిటన్‌లో కేట్ గ్రీనవే, రెండూ గెలిచిన మొదటి పుస్తకం. ఒక చిన్న చేప, నిద్రపోతున్న పెద్ద చేప టోపీ కొట్టేసి పారిపోతూ తన గొప్ప చెప్పుకుంటుంటుంది. పెద్ద చేప ఇప్పట్లో లేవదంటుంది. బొమ్మలో పెద్ద చేప కన్ను అప్పటికే తెరుచుకుని ఉంటుంది. ఎటు పోతోందో చూసిన పీత ఎవరికీ చెప్పదంటుంది. బొమ్మలో పీత డెక్క అటే చూపిస్తుంటుంది.

నేను బళ్లో టీచరుగా ఉన్న చివరి రోజుల్లో ఈ పుస్తకం మూడో తరగతి పిల్లలకి చూపించాను. చేప మాటలు మాత్రమే తెలుగులో చెబుతూ పేజీ తిప్పాను. "అబద్ధం టీచర్! లేచింది! లేచింది!" అని బెంచీలెక్కారు. చివర చిన్న చేప ఏమైందో పుస్తకం ఎక్కడా చెప్పదు. గుబురుగా పెరిగిన నీటి మొక్కలు, వాటిలోంచి టోపీ పెట్టుకుని తిరిగొస్తున్న పెద్ద చేప, అంతే. వెనక బెంచీలో ఒకడు చాలా మెల్లగా "తినేసింది" అన్నాడు. తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది.

నీ కథలో పాప 'భయంతో కళ్లు పెద్దవి చేసి వణికిపోతూ లాంతరు గట్టిగా పట్టుకుంది'. అన్నీ నువ్వే చెప్పేశాక బొమ్మ వేసేవాడు ఏం చెయ్యాలి? నీ వాక్యానికి రంగులద్దాలా? పాప చేత "నాకేం భయం లేదు" అనిపించు. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

కొరియా చిత్రకారిణి సూజీ లీ అయితే ఇంకా తెగించింది. 2022లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది ఆమెకి. ఆమె పుస్తకం 'వేవ్'లో ఒక పిల్ల, సముద్రం, కొన్ని పక్షులు. బొగ్గు గీతలు, ఒక్క నీలం రంగు. ఎడమ పేజీలో పిల్ల, కుడి పేజీలో నీళ్లు. పుస్తకం మధ్య మడత ఉంటుంది చూడు, కుట్టు వేసే చోట, అచ్చుపనివాళ్లంతా తప్పించుకు తిరిగే చోటు, దాన్నే తీరం చేసేసింది. అల ఆ మడత దాటదు. పిల్ల వెక్కిరిస్తుంది. ధైర్యం వచ్చి తనే అటు దాటుతుంది. ఆ తర్వాత అల ఇటు దాటి వస్తుంది. ఫోన్‌లో చూస్తే ఆ మడతే ఉండదు, కథే ఉండదు. నువ్వు ఆ పుస్తకాన్ని ఫోన్‌లోనే చూసి 'నీలిరంగు కవిత' అని రాశావు. ఎక్కడైనా లైబ్రరీలో సంపాదించి చేత్తో పేజీలు తిప్పు.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. సేవ్ చేసుకున్న బొమ్మల్లో ఒక్కటే ఉంచుకో. దాని ముందు కూర్చుని, అందులో ఏముందో విశేషణం ఒక్కటి కూడా వాడకుండా రాయి. విసుగొస్తుంది. విసుగొచ్చాక కూడా లేవకు. ముందు కనిపించనివి అప్పుడే కనిపిస్తాయి. ఆ తర్వాత ఫోన్ ఇంకో గదిలో పెట్టేసి, మీ మేనత్త ఇంటికెళ్లి ఆ ఫ్రిజ్ ఎదురుగా అదే పని చెయ్యి. ఆ గుడ్డ మీద పూలు ఏ పూలో, అంచు ఎక్కడ చిరిగిందో నాకు రాసి పంపు. కొత్త కథ పంపొద్దు, అది మాత్రమే పంపు.

ఏఐతో బొమ్మలు వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా అని అడిగావు. మఫ్లర్ నక్కలు కావాలంటే అది ఎన్నైనా ఇస్తుంది, నీ కథకి సరిగ్గా సరిపోతాయి కూడా.

మనిషి చేత వేయించుకునే రోజు వస్తే మాత్రం ఆ మనిషికి కథ మొత్తం ఇవ్వు. ఫోన్లో చెప్పకు. ఇచ్చాక నోరు మూసుకుని ఉండు, 'పాపకి ఎర్ర గౌను వెయ్యండి' లాంటివి చెప్పకు. నువ్వు రాయనిదేదో బొమ్మలో కనిపిస్తే కథలోంచి ఒక వాక్యం కొట్టేసి చోటివ్వు. డబ్బు ఎంతో ముందే మాట్లాడుకుని, సగం అడ్వాన్సు చేతిలో పెట్టు. 'మీకు మంచి పేరొస్తుంది' అని చెప్పి పని చేయించుకునేవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో ఒకడివి కాకు. అట్ట మీద నీ పేరు ఎంత సైజులో ఉంటుందో వాళ్ల పేరూ అంతే సైజులో ఉండాలి. పబ్లిషర్ కుదరదంటే ఆ పబ్లిషర్ని వదిలెయ్యి.

కథ ఇందులోనే పెట్టి తిప్పి పంపుతున్నాను. ఎర్ర ఇంకు గీతలకి ఏమనుకోకు. ప్రింటవుట్లు నా దగ్గరే ఉంచుకున్నాను. వాటిలో రెండు బాగున్నాయి.

ఉంటాను.