వెబ్ పేజీలో టేబుల్ షీట్‌లోకి దానంతటదే రావాలంటే?

ప్రశ్న: ఒక సైట్‌లో టేబుల్‌ని రోజూ కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తున్నానండీ, ఒక్కోసారి అంతా ఒకే కాలమ్‌లో కుప్పగా పడుతోంది. వేరే దారి ఉందా?

జవాబు: ఉందండీ, రోజూ ఆ కాపీ పేస్ట్ గోల ఎందుకు! డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ వెబ్ నొక్కి పేజీ అడ్రస్ ఇవ్వండి, అప్పుడు తెరుచుకునే నావిగేటర్ విండోలో ఆ పేజీలో ఎక్సెల్‌కి దొరికిన టేబుల్స్ పేర్లు కనిపిస్తాయి, మీకు కావల్సింది చూసుకుని లోడ్ కొట్టడమే. రేపట్నుంచి రిఫ్రెష్ ఆల్ నొక్కితే చాలు.

గూగుల్ షీట్స్ వాడేవాళ్లకి ఇంపోర్ట్‌హెచ్‌టీఎంఎల్ ఫార్ములా ఉంది, బ్రాకెట్లో పేజీ అడ్రస్, టేబులా లిస్టా అన్న మాట, అది పేజీలో ఎన్నోదో నంబర్, అంతే. 1 ఇస్తే ఒక్కోసారి పైనున్న మెనూ వచ్చి కూర్చుంటుంది, కంగారు పడకండి, 2, 3 మార్చి చూడండి (నేనైతే ఒకసారి 7 దాకా వెళ్లా). షీట్ తెరిచి ఉంటే దాదాపు గంటకోసారి అదే అప్‌డేట్ అవుతుంది.

ఎంత చేసినా ఖాళీగానే వస్తోందా? పేజీ మీద రైట్ క్లిక్ చేసి వ్యూ పేజ్ సోర్స్ తెరిచి, టేబుల్‌లో కనిపించే ఏదో ఒక అంకె కంట్రోల్ ఎఫ్‌తో వెతకండి. అక్కడ లేదంటే పేజీ తెరిచాక జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) దాన్ని తెచ్చి నింపుతోందన్నమాట, ఈ ఫార్ములాకి అది దొరకదు. లాగిన్ అడిగే పేజీలదీ అదే కథ. అప్పుడు సైట్‌లో సీఎస్‌వీ (ఎక్సెల్‌లో, షీట్స్‌లో తెరుచుకునే టేబుల్ ఫైల్) డౌన్‌లోడ్ బటన్ ఉందేమో చూడండి, చాలామంది అది చూడకుండానే కుస్తీ పడుతుంటారు.