పిల్లికూనల్ని ఎవరికివ్వాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గోదాములో తల్లి లేకుండా దొరికిన మూడు పిల్లికూనల్ని సాకుతున్నాను, రెండో నెల నడుస్తోంది. చాలామంది అడుగుతున్నారు గానీ ఎవర్ని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: తొందరపడకండి. 8 వారాలు నిండి, సొంతంగా తినడం, మట్టిపెట్టెలో దొడ్డికి వెళ్లడం అలవాటయ్యాకే ఇవ్వండి. ఈలోపు పశువుల ఆసుపత్రిలో నులిపురుగుల మందు, మొదటి టీకా వేయించండి; రేబిస్ టీకా మాత్రం 3 నెలలు నిండాక, ఆ సంగతి చీటీ మీద రాసివ్వండి, ఒడియా వాళ్లయితే ఒడియాలోనే. ఎలుకల కోసం కావాలనేవాళ్లకి నేనైతే ఇవ్వను, ఎలుకల మందూ ఆ ఇంట్లోనే ఉంటుంది మరి! అడిగినవాళ్లని ముందు మీ ఇంటికి రమ్మనండి, తర్వాత మీరే వెళ్లి దింపండి, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడా, బరంపురమో విశాఖో వెళితే ఎవరు చూస్తారు, మేడ మీదైతే బాల్కనీకి వల ఉందా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగాలి. ఆవుపాలతో విరేచనాలు పట్టుకోవచ్చని చెప్పండి, మనవాళ్లు పిల్లి అనగానే పాలగిన్నె పెట్టేస్తారు. వీలైతే రెండింటిని ఒకే ఇంటికివ్వండి. 5-6 నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామన్నవాళ్లకే మొదటి అవకాశం. పెంచడం కుదరకపోతే వీధిలో వదలకుండా మీకే తిరిగివ్వమనండి.