కంట్లో ఇంజెక్షనా అని భయపడకండి, మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి

మీ నాన్నగారికి 12 ఏళ్లుగా షుగర్ ఉందని, రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, నీరు చేరింది కాబట్టి నెలకో ఇంజెక్షన్ చొప్పున వేయాలని డాక్టర్ చెప్పారని, చుట్టాలేమో కంట్లో సూది గుచ్చితే ఉన్న చూపూ పోతుందంటున్నారని రాశారు. మూడేళ్ల క్రితం మా అమ్మ విషయంలో అచ్చం ఇదే జరిగింది.

వేయించండి. ఆలస్యం చేయకండి.

అమ్మ మొదట "గుమ్మం వంకరగా కనిపిస్తోందిరా" అంది. పవర్ మారిందేమో అనుకుని కళ్లజోళ్ల షాపులో రెండుసార్లు అద్దాలు మార్పించాం, ఆరు నెలలు అలాగే పోయాయి. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తూ, చుక్కలు వరసగానే పెట్టాను కానీ గీత వంగిపోతోందని ముగ్గు గిన్నె పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. అప్పుడు గానీ రెటీనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. ఓసీటీ స్కాన్ తీస్తే రెటీనా మధ్యభాగం మందం 480 మైక్రాన్లు ఉంది, మామూలుగా అయితే 300 లోపు ఉండాలి.

షుగర్ వల్ల రెటీనాలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి, వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి వాటి నుంచి నీరు కారుతుంది. ఇంజెక్షన్ ఆ ప్రోటీన్‌ని అడ్డుకుంటుంది, కానీ కొన్ని వారాలకు మందు ప్రభావం తగ్గిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేయాలి. సూది నల్లగుడ్డుకు కాదు, పక్కన తెల్లగుడ్డులోకి వేస్తారు, అదీ మత్తు చుక్కలు వేశాకే. సూది కన్నా రెప్పలు మూయకుండా పెట్టిన క్లిప్పే ఇబ్బందిగా ఉందని, సాయంత్రం దాకా బెటాడిన్ మంట ఉందని అమ్మ చెప్పింది. ఆ రాత్రి కంటి ముందు నల్లటి బుడగలు తిరుగుతున్నాయని కంగారు పడింది, మర్నాటికి అవీ పోయాయి.

మందుల్లో అవాస్టిన్ బాగా చవక. అసలు అది క్యాన్సర్ మందు, కానీ ఏళ్ల తరబడి కళ్లకూ వాడుతున్నారు. రానిబిజుమాబ్ అనే ఇంకో మందుకి 2015 నుంచి మన దేశంలో తయారైన రకం కూడా దొరుకుతోంది. ఆ ఏడాదే అమెరికాలో ఈ రెండింటినీ, ఐలియా అనే అఫ్లిబర్సెప్ట్‌నీ పోల్చి చూస్తే, చూపు కొంచెమే తగ్గినవాళ్లకి మూడూ ఒకేలా పనిచేశాయి, బాగా తగ్గినవాళ్లకి మొదటి ఏడాదిలో ఐలియా మెరుగ్గా ఉంది. అందుకే ఖరీదైనదే మంచిదని మీరే తేల్చేసుకోకుండా నాన్నగారి చూపు ఏ స్థాయిలో ఉందో డాక్టర్‌ని అడగండి. వాబిస్మో అని కొత్తది వచ్చింది, అమెరికాలో 2022లో అనుమతి పొందింది, వీఈజీఎఫ్‌తో పాటు ఇంకో ప్రోటీన్‌నీ అడ్డుకుంటుంది. ఆ మందు బాగా పనిచేసినవాళ్లకి ఇంజెక్షన్ల మధ్య గడువు నాలుగు నెలల దాకా పెంచుకోవచ్చు.

మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. నాలుగు ఇంజెక్షన్లకి 480 కాస్తా 290కి దిగింది, అమ్మ పేపర్ చదవడం మొదలుపెట్టింది, ఇంతలో చెల్లి పెళ్లి పనులు మీద పడ్డాయి. బాగానే ఉంది కదా అని ఐదు నెలలు వెళ్లలేదు. నీరు మళ్లీ చేరింది. మళ్లీ వేయించాక వాపు తగ్గింది కానీ చూపు మాత్రం అంతకుముందున్నంత రాలేదు. ఆ ఐదు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. ఇప్పుడు వాబిస్మో మూడు నెలలకోసారి వేయిస్తున్నాం, తేదీ మాత్రం తప్పనివ్వం.

నాన్నగారికి ఈమధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. ఇంజెక్షన్ తర్వాత ఇన్ఫెక్షన్ రావడం వేలల్లో ఒకరికే, కానీ నాలుగైదు రోజుల్లోపు నొప్పి, ఎరుపు పెరిగి చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్లండి. బీపీ, మూడు నెలల సగటు షుగర్ అదుపులో లేకపోతే ఎంత మంచి మందైనా వెనకబడిపోతుంది. పాత స్కాన్లన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని ప్రతిసారీ పట్టుకెళ్లండి.

అమ్మ ఇప్పుడు రోజూ కాఫీ తాగుతూ ఒక కన్ను మూసుకుని కిటికీ ఊచలు చూస్తుంది, తర్వాత రెండో కన్ను. ఊచ ఏ కాస్త వంగినట్టున్నా నాకు ఫోన్ చేస్తుంది. నాన్నగారికీ రేపటి నుంచే అలవాటు చేయండి.